వాపస్ పోయిన కవరు

పోయిన వారం కథ హైదరాబాద్ కార్వాన్‌లో పూజిత ఇంటి గడప దగ్గర ఆగింది. పగలు ఎల్.ఎల్.బి. మూడో సంవత్సరం చదువు, సాయంత్రాలు యూట్యూబ్ లైవ్‌లో వీడియో గేమ్ ఆడుతూ నోటికొచ్చిన ముచ్చట్లు. ఇరవై మూడేళ్ల ఆ పిల్ల లోకం అంతే. తుపాకుల ఆట ఆడుతూనే ఏ హీరో నడక బాగుంటుందో చెప్పేది. సినిమాల్లో కోర్టు సీన్లు ఎంత అబద్ధమో చెప్పేది. ట్రాఫిక్ పోలీసు బండి తాళం గుంజుకోవచ్చా, సినిమా హాల్లో నీళ్ల బాటిల్‌కు ఎమ్మార్పీ కంటే ఎక్కువ అడిగితే ఏం చేయాలి అనేది కూడా చెప్పేది. నలభై వేల మంది వినేవాళ్లు. శనివారం మధ్యాహ్నం వాళ్లలో ఒకరి తల్లి వచ్చి తలుపు కొట్టింది.

"నా బిడ్డ నీ మాట విన్నది. ఇప్పుడు నా దుకాణం పోయింది, నా బిడ్డా పోయింది" అన్నది.

ఆమె పేరు రాధాబాయి. యాభై దాటి ఉంటాయి. బేగంబజార్‌లో గిన్నెల మీద పేర్లు చెక్కే దుకాణం ఆమెది. దుకాణం అంటే మనిషి కూర్చొని కాళ్లు చాపితే ఎదురు గోడకు తగిలేంత. భర్త పోయి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచీ చెక్కే మిషన్ ఆమె చేతిలోకొచ్చింది, గిరాకీలతో మాట్లాడే పని మరిది శ్రీనివాస్ చూసుకుంటున్నాడు. కొత్త కాపురానికి పోయే బిందెలు, గుడికిచ్చే గంగాళాలు, పోయినవాళ్ల పేరు మీద పంచే గ్లాసులు, వేటి మీదైనా సరే, తెలుగైనా హిందీ అయినా ఒక్క అక్షరం వంకర పోకుండా చెక్కే చెయ్యి అది. ఇవాళ శారదమ్మ ఇచ్చిన నీళ్ల గ్లాసును తాగకుండానే పక్కన పెట్టింది.

శారదమ్మ పూజిత తల్లి. ఆమెకేమీ అర్థం కాలేదు. తండ్రి మైసయ్య అప్పుడే బర్రెలకు దాణా పెట్టి, చేతులు కడుక్కొని లోపలికొచ్చాడు. వచ్చినవాళ్లను కూర్చోమన్నాడు. రాధాబాయి కింద కూర్చుంది. స్కూటీ మీద ఆమెను తీసుకొచ్చిన శ్రీనివాస్ మాత్రం కుర్చీ ఉన్నా కూర్చోలేదు. చేతిలో ప్లాస్టిక్ ఫైలుతో గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

జరిగింది రాధాబాయే చెప్పింది. పోయిన ఏడాది దుకాణం యజమాని బిల్డింగు కూలగొట్టి కొత్తది కడతానన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఉన్నచోటు, కదిలేది లేదన్నారు వీళ్లు. బతుకమ్మ పండుగకు ముందు పోస్టులో ఒక కవరు వచ్చింది. ఆ టైములో దుకాణంలో ఉన్నది ఆమె కూతురు మాన్య. బి.కాం. రెండో సంవత్సరం. పూజిత లైవ్ ఒక్కటి కూడా తప్పేది కాదు. కవరు తీసుకుంటేనే కేసు, తీసుకోకుంటే ఏం లేదు అని పూజితక్క చెప్పిందంటూ పోస్ట్‌మన్‌ను వాపస్ పంపేసింది. ఇంటికొచ్చి తల్లికి గొప్పగా చెప్పుకుంది. బిడ్డకు కాయిదా కానూను తెలుసునని తల్లి కూడా మురిసింది.

ఆ తర్వాత ఇంకో కాగితం వాళ్ల కంటపడలేదు. ఈ మంగళవారం పొద్దున దుకాణం తీద్దామని పోతే షట్టర్ మీద కోర్టు నోటీసు అంటించి ఉంది. కేసు నడిచింది, వీళ్లు హాజరు కాలేదు, తీర్పు ఏకపక్షంగా వచ్చేసింది. సోమవారం కోర్టు అమీనా వచ్చి సామాను బయట పెట్టి తాళం వేస్తాడు. శ్రీనివాస్ కోర్టు చుట్టూ తిరిగి కాగితాల నకళ్లు తెచ్చాడు. కవరు తీసుకోకపోవడం వల్లే ఇదంతా అయిందని ఆయన చెప్పగానే రాధాబాయికి ఒళ్లు తెలియలేదు. కూతురి ఫోను గుంజుకొని గచ్చుకేసి కొట్టింది. మీ నాయిన పెట్టిన దుకాణం మింగినవ్ అన్నది. అది గురువారం. శుక్రవారం పొద్దున లేచి చూస్తే మాన్య లేదు.

"నిన్నటి సంది దేవులాడుతున్న" అన్నది రాధాబాయి. "చుట్టాలిండ్లు చూసిన, కాలేజీ చూసిన, దాని దోస్తులను అడిగిన. ఇయ్యాల పొద్దుగాల పురానాపూల్ మీద నిలబడి నీళ్లల్లకు చూసిన బిడ్డా. దాని చున్నీ రంగు కనబడ్తదేమోనని చూసిన."

పూజిత ఫోను తీసింది. పాత వీడియోల్లో పోయిన సెప్టెంబర్ మొదటి వారం లైవ్‌కు పోయింది. వెతకాల్సిన పని లేదు. గంటా పదిహేడు నిమిషాల దగ్గర ఏముందో ఆమెకు తెలుసు.

ఫోనులోంచి ఆమె గొంతే వినిపించింది. వెనక తుపాకుల చప్పుడు. ఎవరో కామెంట్‌లో అడిగారు, కిరాయి ఇంటి ఓనర్ నోటీసులు పంపిస్తున్నాడు, ఏం చేయాలని. "కవరు తీసుకుంటేనే గద భయ్ కేసు. తీసుకోకుంటే కథనే ముంగటికి పోదు. లాయర్‌దైనా గంతే, కోర్టుదైనా గంతే. టెన్షన్ తీసుకోకున్రి." ఆ వెంటనే ఎవణ్నో కాల్చి, పెద్దగా నవ్వింది.

మైసయ్య ఆ నవ్వు విని తల దించుకున్నాడు.

పూజిత అప్పటికి ఆ సబ్జెక్టు చదవనే లేదు. కాలేజీ క్యాంటీన్‌లో ఎవరో అంటే విన్నది, అదే అన్నది. జనవరిలో క్లాసులో లెక్చరర్ ఆ భాగం చెప్పాడు. కోర్టు పంపిన సమన్లు వద్దంటే అందినట్టే లెక్క. తాను చెప్పింది తప్పని పూజితకు ఆ రోజే తెలిసింది. ఇంటికి పోయి ఆ వీడియో తీసేయాలనుకుంది. కానీ తన వీడియోలన్నింటికంటే దాన్నే ఎక్కువ మంది చూశారు. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంటూనే మూడు నెలలు గడిపింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎదురుగా కూర్చున్న రాధాబాయికీ చెప్పలేదు.

ముందు పోలీస్ స్టేషన్‌కు పోదామన్నది. మనిషి కనపడడం లేదంటే ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, మా ఏరియా కాదని తిప్పి పంపొద్దు, ఇది మాత్రం పుస్తకంలో చూసి చెబుతున్నానన్నది. శ్రీనివాస్ ఒప్పుకోలేదు. పెండ్లి కావాల్సిన పిల్ల, ఠాణాలో పేరు రాయిస్తే రేపు ఎవరు చేసుకుంటారన్నాడు. నిన్న కూడా ఇదే మాట చెప్పి ఆపాడట. రాధాబాయి మరిది మొహంలోకి చూసి, వద్దులే అన్నది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆమె ఆయన మాట దాటలేదు.

పూజిత లోపలి గదిలోకి పోయి వేణుగోపాల్‌కు ఫోన్ చేసింది. సెలవుల్లో ఆమె పని నేర్చుకునేది ఆయన దగ్గరే, ముప్పై ఏళ్ల అనుభవమున్న లాయరు. ఆయన అంతా విని, నెమ్మదిగానే చెప్పాడు. సమన్లు వద్దని పంపితే కోర్టు దృష్టిలో అవి చేరినట్టే. తీర్పు రద్దు చేయమని అడగడానికి ముప్పై రోజుల గడువు. తీర్పు ఫిబ్రవరిలో వచ్చింది, ఇది ఏప్రిల్. గడువు దాటిన దరఖాస్తుకు గట్టి కారణం చూపాలి, యూట్యూబ్‌లో విన్నాం అనేది కారణం కాదు. కవరు అసలు వాళ్ల దాకా రానే రాకపోతే సంగతి వేరు, అప్పుడు తీర్పు గురించి తెలిసిన రోజు నుంచి ముప్పై రోజులు లెక్క. కానీ ఆ అమ్మాయే తిప్పి పంపానంటున్నదిగా, అన్నాడు. పూజిత అవునన్నది.

ఆమె బయటికొచ్చేసరికి శ్రీనివాస్ మంచం మీద ఒక తెల్ల కాగితం, పెన్ను పెట్టి ఉంచాడు.

అతని గొంతులో కోపం లేదు. జరిగిందేదో జరిగిందన్నాడు. పూజిత ఒక్క పని చేస్తే చాలు, తన వీడియో చూసి మాన్య కోర్టు కవరు వాపస్ పంపిందని రాసి సంతకం పెట్టాలి. దాన్ని జడ్జి ముందు పెడితే, పిల్ల తెలియక చేసిందని కనికరిస్తాడు. సోమవారం పొద్దున్నే పట్టుకుపోతానన్నాడు.

శారదమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుంది. రేపు నల్లకోటు వేసుకోవాల్సిన పిల్ల, ఇసుంటివి రాసిస్తే దాని బతుకేం కావాలన్నది. పూజితకూ ఆ భయం ఉంది. కాగితం వైపు చూస్తూ నిలబడింది.

"రాయి బిడ్డా" అన్నాడు మైసయ్య. "పాలల్ల నీళ్లు పోసి అమ్ముకుంటే మనకు ఇంకో బర్రె వస్తుండె. మీ తాత పొయ్యలె, నేను పొయ్యలె. నోటితోని అన్నవు, చేతితోని రాయనీకి ఏమైంది?"

తండ్రి అట్లా అన్నాక ఇక ఆలోచించలేదు. రాసింది. కింద పేరు, ఊరు, తారీఖు వేసి సంతకం పెట్టింది. సిగ్గుతో వేణుగోపాల్‌కు మళ్లీ ఫోన్ చేసి అడగలేదు. శ్రీనివాస్ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇగ పోదాం వదినే" అన్నాడు.

రాధాబాయి లేవలేదు.

"కాయితం నాకెందుకు" అన్నది పూజితను చూస్తూ. "దుకాణం పోతే పోయింది, నాలుగిండ్లల్ల గిన్నెలు తోముకుంట. నా బిడ్డను పిలువు. నీ మాట వినే పోయింది, నీ మాట వినే వస్తది."

పిలవాలంటే మాన్య దగ్గర ఫోను లేదు. తల్లే పగలగొట్టింది. కానీ రోజూ తన లైవ్ చూసిన పిల్ల, ఎక్కడున్నా ఏదో ఒక స్క్రీన్ ముందుకు రాకపోదని పూజితకు తోచింది. ఇప్పుడే లైవ్ పెడతానన్నది. శ్రీనివాస్ వద్దన్నాడు. ఊరంతా తెలుస్తుంది, పరువు పోతుంది, కాగితం ఉంది కదా అన్నాడు.

"ఊరంత తెల్వనీ" అన్నది రాధాబాయి. మరిది మాటకు ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. శ్రీనివాస్ ఫైలు మంచం మీద పెట్టి, వచ్చాక మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

పూజిత కిటికీ దగ్గర స్టూలు మీద ఫోను నిలబెట్టింది. గేమ్ తెరవలేదు. మధ్యాహ్నం మూడింటికి ఆమె ఎప్పుడూ లైవ్‌కు రాదు కనుక ముందు వంద మంది కూడా లేరు. తర్వాత మూడొందలు, ఆరొందలు. గేమ్ ఏదక్కా అని ఒకరు, జుట్టు గిట్లుందేందని ఒకరు, కొత్త సినిమా ట్రైలర్ చూసినవా అని ఇంకొకరు. అవన్నీ పైకి జరుగుతూ పోయాయి.

"ఇయ్యాల గేమ్ లేదు" అని మొదలుపెట్టింది. "సెప్టెంబర్ల నేనొక మాట చెప్పిన. కోర్టు కవరు తీసుకోకుంటే కేసు ముంగటికి పోదని. అది తప్పు. తీసుకోకున్నా అందినట్టే లెక్క. కేసు నడుస్తది, మీరు లేకుండనే నడుస్తది. కోర్టు నుంచి కాయితం వస్తే తీసుకోండ్రి, తీసుకొని లాయర్ దగ్గరికి పోండ్రి. పైసలు లేకుంటే కోర్టులనే ఫ్రీ లాయర్‌ను ఇస్తరు, అడగండ్రి."

నీళ్లు తాగి మళ్లీ చెప్పింది.

"నేను చెప్పింది తప్పని నాకు జనవరిలనే తెలిసింది. వీడియో తీసెయ్యలేదు. మస్తు వ్యూస్ వచ్చినయని తీసెయ్యలేదు. దాని వల్ల ఒక ఇంటికి దుకాణం పోతున్నది. ఆ ఇంటి బిడ్డ తనదే తప్పనుకొని నిన్న ఇల్లు వదిలి పోయింది. ఆ తప్పు ఆమెది కాదు. నాది."

ఆ మాట విని రాధాబాయి తల ఎత్తి చూసింది. తిట్టలేదు. ఆ చూపును పూజిత ఎక్కువసేపు తట్టుకోలేక, శ్రీనివాస్ మంచం మీద పెట్టిన ఫైలు అందుకొని పైనున్న నకలు తీసింది. చేతులకు ఏదో ఒక పని కావాల్సి వచ్చింది. కామెంట్లలో బూతులు మొదలయ్యాయి. దొంగ లాయర్ అన్నారు, ఏడుపు డ్రామా అన్నారు. చూసేవాళ్లు మాత్రం పద్నాలుగు వందలు దాటారు.

"ఇది కోర్టు రికార్డు" అని నకలు చూస్తూ చదివింది. "కవరు తీసుకోనన్నరని నవంబర్ ఇరవై ఒకటి, శుక్రవారం నాడు రాసిన్రు. ఆ దినం ఆ పిల్ల చేసిన పనికి కారణం నేను. మాన్యా, నువ్వు ఎక్కడున్నా విను. మీ అమ్మ మా ఇంట్ల కూసున్నది. దుకాణం వద్దంటున్నది, నువ్వు కావాలంటున్నది."

రెండు నిమిషాలు గడిచాయి. ఐదు గడిచాయి. బయట బర్రె అరిచింది. శారదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ దగ్గర నిలబడింది. పూజిత స్క్రీన్ మీద నుంచి కన్ను తీయలేదు. లైవ్‌లోకి వచ్చి మాట్లాడతామని ఒక్కొక్కరే రిక్వెస్ట్ పెడుతున్నారు. అన్నీ తిట్టడానికి వచ్చినవే అనిపించింది. వాటిలో ఒకటి ఫొటో లేని కొత్త అకౌంట్, పేరు స్థానంలో వట్టి అంకెలు. అదే పేరు వరుసగా నాలుగుసార్లు వచ్చింది. పూజిత నొక్కింది.

ముందు ఫ్యాన్ చప్పుడు, ఎవరో కీబోర్డు టకటకలాడిస్తున్న చప్పుడు వినిపించాయి. తర్వాత సన్నటి గొంతు.

"అక్కా, ఇంకోపారి చెప్పు. ఏ తారీఖు అన్నవ్?"

రాధాబాయి మోకాళ్ల మీద లేచి ఫోను దగ్గరికి పాకినట్టుగా వచ్చింది. పక్కన కుర్చీలో ఉన్న మరిది చేతిని తెలియకుండానే గట్టిగా పట్టుకుంది. మాన్యా అనబోయి సగంలోనే ఏడ్చింది. అవతల ఆ పిల్లా ఏడ్చింది. జూ పార్కు దిక్కు బహదూర్‌పురాలో ఒక గేమింగ్ సెంటర్‌లో ఉన్నానని, నిన్నటి నుంచి ఒక దోస్తు వాళ్ల అక్క ఇంట్లో ఉన్నానని, మంచిగనే ఉన్నానని చెప్పింది. ఫోన్ పగిలినందుకు కాదమ్మా, నీ మొహం చూడలేక ఇల్లు ఇడిసి పోయిన అన్నది. ఇంటికి రా బిడ్డా, ఇంకేం వద్దు అన్నది తల్లి.

వస్తానన్నది మాన్య. కానీ తారీఖు సంగతి వదల్లేదు.

"నవంబర్ ఇరవై ఒకటి అంటున్నరు. నేను వాపస్ పంపింది బతుకమ్మకు ముంగట అక్కా. దాని మీద లాయర్ పేరుండె, కోర్టు ముద్ర లేదు. నేను చూసింది గదొక్కటే కవరు. ఇంకోటి వచ్చిందని గూడ నాకు తెల్వదు."

పూజిత నకలును మళ్లీ చూసింది. తారీఖు మారలేదు. లాయర్ నోటీసుకు, కోర్టు సమన్లకు మధ్య రెండు నెలల దూరం. ఇన్ని రోజులు అందరూ రెండు కవర్లనూ ఒకటే అనుకున్నారు. ఆ పిల్ల కూడా అదే అనుకొని తప్పు నెత్తిన వేసుకుంది.

"ఆ శుక్రవారం నాకు సెమిస్టర్ పరీక్ష" అన్నది మాన్య. "హాల్ టికెట్ ఇంట్లనే ఉంది. జ్వరమొచ్చిందని అమ్మ గూడ నా ఎంబడి వచ్చింది. మూడింటి దాకా కాలేజీ గేటు కాడ కూసున్నది. యాదికుందా అమ్మా?"

రాధాబాయి ఫోనుకేసి తలూపింది. యాదికుంది. ఆ రోజు బిడ్డ కోసం గంజి డబ్బాలో పోసుకొని పోయింది.

పూజితకు వేణుగోపాల్ చెప్పిన లెక్క గుర్తొచ్చింది. కవరు వాళ్ల దాకా రానే రాకపోతే తెలిసిన రోజు నుంచి ముప్పై రోజులు. తెలిసింది మంగళవారం. అంటే ఇంకా నెలలో ఎక్కువ రోజులు చేతిలోనే ఉన్నాయి, సోమవారం అమీనాను ఆపమని అడగడానికి దారి ఉంది. కానీ మాన్య కోర్టు కవరే వాపస్ పంపిందని గంట కింద తాను స్వయంగా రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం జడ్జి చూస్తే ఆ దారి మూసుకుపోతుంది. అది ఎదురుగా, చొక్కా జేబులో ఉంది.

ఆమె అడగాల్సిన పని లేకుండా అవతల నుంచి మాన్యే అడిగింది.

"అమ్మా, ఆ దినం దుకాణంల ఉన్నది కాక ఒక్కడే. ఇప్పుడు కాక నీ పక్కకే ఉన్నడా?"

పద్నాలుగు వందల మంది వింటున్నారు. రాధాబాయి తల తిప్పి మరిదిని చూడలేదు. ఆమె పిడికిట్లో ఉన్న చేతిని శ్రీనివాస్ మెల్లగా విడిపించుకోవడం మొదలుపెట్టాడు.